ముందు సీటు నుంచి రెండు ఫాంటమ్‌లు

రోల్స్ రాయిస్ ఫాంటమ్ మీద తెలుగులో యూట్యూబ్ వీడియోలు బోలెడు ఉన్నాయి. అన్నిటిదీ ఒకటే వరస. ముందు ధర చెప్తారు. తర్వాత వెనక తలుపు తెరిచి కాళ్ళ కింద పరిచిన గొర్రెవున్ని మీద చెయ్యి వేసి చూపిస్తారు. తర్వాత కెమెరా పైకి తిప్పి కప్పులో మెరిసే నక్షత్రాలు. చివరికి "పాత మోడల్ కంటే కొత్తది ఇంకా సైలెంట్, ఇంకా పవర్‌ఫుల్ ఫ్రెండ్స్" అని ముగించేస్తారు. ముందు సీట్లో కూడా ఒక మనిషి కూర్చుంటాడనీ, వెనక ఆ సుఖం రావడానికి అతని పని కూడా కావాలనీ ఎవరికీ తట్టదు.

ఆ ముందు సీటు నాది. దుబాయ్‌లో ఒక కుటుంబానికి డ్రైవర్ని. జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వచ్చిన వేలమందిలో ఒకణ్ణి, కాకపోతే నా చేతికి వచ్చిన తాళంచెవి వేరు. మా అర్బాబ్ (ఇక్కడ యజమానిని అలా అంటారు) ఇంట్లో మొదట ఏడో ఫాంటమ్, అంటే ఏడో తరం మోడల్ ఉండేది, అదీ వెనక ఎక్కువ చోటుండే పొడవాటి రకం. తర్వాత ఎనిమిదోది వచ్చింది. పాతదాన్ని అమ్మలేదు. అందుకని రెండూ ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి నడపాల్సి వచ్చిన రోజుల్లో ఈ రెండిటికీ తేడా ఏమిటో కాగితాల మీద అంకెలకన్నా నా కాలికి బాగా తెలుస్తుంది.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఎనిమిదో ఫాంటమ్ ఏడోదానికన్నా మెరుగైన యంత్రం. అందులో వాదులాటకి చోటు లేదు. కానీ అది "పాతదే, ఇంకొంచెం సుఖంగా" అనేమాట తప్పు. ఏడోదాంట్లో వెనక కూర్చున్న మనిషి సుఖంలో సగం కారుది, సగం డ్రైవరుది. ఎనిమిదోదాంట్లో డ్రైవరు వాటాలోంచి చాలా భాగం కెమెరాకీ కంప్యూటరుకీ వెళ్ళిపోయింది. ఇన్ని కోట్లు పోసి కొనే కారులో ఇది చిన్న మార్పు కాదు. నన్నడిగితే మంచి మార్పు కూడా కాదు.

ఏడోది ఎలా పుట్టిందో తెలిస్తే అది అలా ఎందుకు ఉందో అర్థమవుతుంది. 1998లో వికర్స్ అనే బ్రిటిష్ కంపెనీ తన దగ్గరున్న రోల్స్ రాయిస్ కార్ల వ్యాపారాన్ని అమ్మకానికి పెట్టింది. ఫోక్స్‌వ్యాగన్ 43 కోట్ల పౌండ్లకు కొన్నది. ఇంగ్లాండులోని క్రూ ఫ్యాక్టరీ వచ్చింది, బెంట్లీ వచ్చింది, బానెట్ మీది రెక్కల బొమ్మ, ఆ నిలువు కడ్డీల గ్రిల్ మీద హక్కులూ వచ్చాయి. రోల్స్ రాయిస్ అనే పేరు మాత్రం రాలేదు, ఎందుకంటే అది విమాన ఇంజిన్లు చేసే రోల్స్ రాయిస్ పీఎల్‌సీ సొత్తు. వాళ్ళు దాన్ని 4 కోట్ల పౌండ్లకు బీఎండబ్ల్యూకి ఇచ్చారు. ఇల్లు, బావి, పశువుల కొట్టం ఒకరికి రాసిచ్చి ఇంటిపేరు ఇంకొకరికి ఇచ్చినట్టయింది వ్యవహారం. చివరికి రాజీ కుదిరింది. 2003 జనవరి 1 నుంచి రోల్స్ రాయిస్ కార్లు బీఎండబ్ల్యూ తయారుచేస్తుంది, క్రూ ఫ్యాక్టరీ బెంట్లీతో సహా ఫోక్స్‌వ్యాగన్‌కే ఉంటుంది.

అంటే బీఎండబ్ల్యూ చేతిలో పేరు ఉంది, కట్టే చోటు లేదు, కట్టాల్సిన కారూ లేదు. లండన్‌లో హైడ్ పార్క్ పక్కన ఒకప్పుడు బ్యాంకుగా ఉన్న భవనంలో కూర్చుని డిజైన్ మొదలుపెట్టారు. మారెక్ జోర్జెవిచ్ గీసిన రూపాన్ని ఎంచుకున్నారు. ఇంగ్లాండులోనే గుడ్‌వుడ్‌లో ఎర్ల్ ఆఫ్ మార్చ్ అనే జమీందారు ఎస్టేట్ భూమిలో నికొలస్ గ్రిమ్‌షా డిజైన్ చేసిన కొత్త ఫ్యాక్టరీ లేచింది. 2003 జనవరి 1న అర్ధరాత్రి దాటిన మొదటి నిమిషంలో తొలి కారు తాళంచెవి కొన్నవాళ్ళ చేతికి వెళ్ళింది. "జర్మన్లు రోల్స్ రాయిస్ ఏం చేస్తార్లే" అని నవ్వినవాళ్ళకి జవాబు చెప్పాల్సిన కారు అది. అందుకే దాంట్లో మొహమాటం లేదు. గోడలా నిటారుగా నిలబడ్డ ముఖం, కారు ఎత్తులో దాదాపు సగం వచ్చే చక్రాలు. మొదటిసారి చూసినప్పుడు చాలామందికి నచ్చదు. నాకూ అది అందంగా అనిపించడానికి కొంతకాలం పట్టింది.

నడిపేవాడి వైపు నుంచి ఆ ఆకారానికి ఒక లాభం ఉంది, దాన్ని ఎవరూ రాయరు. సీటు ఎత్తు, బానెట్ చదును, రెండు అంచులూ కళ్ళకి కనిపిస్తాయి, మధ్యలో బొమ్మ. పొడవాటి రకం 6 మీటర్లు దాటుతుంది. అంత కారును దుబాయ్ పాతబస్తీ దేరా సందుల్లోకి తీసుకెళ్ళినా ముందు భాగం ఎక్కడ అయిపోతుందో నాకు తెలుసు. స్టీరింగ్ చక్రం పెద్దది, పట్టుకునే అంచు సన్నది. రెండు వేళ్ళతో తిప్పొచ్చు, తిప్పాలి కూడా. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చెప్పే మీటరే పెట్టలేదు. దాని బదులు ఇంకా ఎంత శక్తి మిగిలి ఉందో చూపించే ముల్లు పెట్టారు. మామూలుగా నడిపితే అది ఎప్పుడూ తొంభై పైనే నిలబడుతుంది. ఎనభైకి దిగిందంటే నేను తొందరపడ్డానని అర్థం.

ఇంజిన్ 6.75 లీటర్లది, 12 సిలిండర్లు, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంపు) లేదు. 453 హార్స్‌పవర్, 720 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. ఈ అంకెల్లో డ్రైవరుకి పనికొచ్చేది ఇంకొకటి: ఆ టార్క్‌లో ముప్పావు వంతు 1,000 ఆర్‌పీఎం దగ్గరే, అంటే ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగేటప్పుడే దొరుకుతుంది. అంటే పెడల్ మీద బూటు బరువు పెడితే చాలు, రెండున్నర టన్నుల కారు కదులుతుంది. ఎంత నొక్కితే అంత, ఒక వెంట్రుక ఎక్కువ కాదు, తక్కువ కాదు. టర్బో లేని పెద్ద ఇంజిన్‌తో ఉన్న సుఖం అదే. అది నా కాలి మాట వింటుంది, నా కాలి తప్పునూ దాచదు.

వెనక కూర్చునేవాళ్ళకి కారు ఎంత వేగంగా పరుగెత్తుతుందనేది అక్కర్లేదు. కదిలిందని తెలియకూడదు, ఆగిందని తెలియకూడదు. ఆగేటప్పుడు చివరి గజంలో బ్రేకు మీద ఒత్తిడిని కొద్దికొద్దిగా వదలాలి. అలాగే నొక్కి పట్టుకుంటే కారు ఆగిన మరుక్షణం ముక్కు కిందికి వెళ్ళి మళ్ళీ లేస్తుంది, వెనక పెద్దాయన చేతిలో గావా (అరబ్బు కాఫీ) కప్పు ఉంటే అది ఆయన కందూరా, ఆ పొడవాటి తెల్ల అంగీ మీదే. స్పీడ్ బ్రేకర్ వస్తే బ్రేకు ముందే వేసెయ్యాలి, టైరు ఎక్కే క్షణానికి వదిలెయ్యాలి. బ్రేకు మీద ఉండగా ఎక్కిస్తే ముందు స్ప్రింగులు అప్పటికే కిందికి నొక్కుకుని ఉంటాయి, దెబ్బ తీసుకోవడానికి వాటికి చోటుండదు. వదిలేస్తే ముక్కు లేచి ఉంటుంది, బ్రేకర్ మెత్తగా దాటుతుంది. ఇవన్నీ నాకు ఎవరో పెద్ద క్లాసు తీసుకుని నేర్పలేదు. అంతకుముందు ఆ ఇంట్లో పనిచేసిన మలయాళీ అన్న ఒకాయన పక్కన కూర్చుని నేర్పాడు. ఏడో ఫాంటమ్ ఈ విద్యకి సరిపోయే కారు. డ్రైవరు బాగా నడిపితే ఇంకా బాగుంటుంది, పాడుగా నడిపితే పాడుగానే ఉంటుంది.

ఇక ఎనిమిదోది. 2017 జూలైలో లండన్‌లో దాన్ని బయటపెట్టారు, పాత ఫాంటమ్‌లన్నిటినీ ఒకచోట చేర్చిన ప్రదర్శనలో. అడుగున కొత్త అల్యూమినియం చట్రం. తర్వాత ఇదే కంపెనీ తెచ్చిన కల్లినన్, కొత్త ఘోస్ట్, కరెంటు స్పెక్టర్ కార్లు అన్నీ దాని మీదే కట్టారు. ఇంజిన్ లీటర్లు అవే 6.75, కానీ రెండు టర్బోలు వచ్చాయి. 563 హార్స్‌పవర్, 900 న్యూటన్ మీటర్లు, అదీ 1,700 ఆర్‌పీఎం దగ్గర. ఇండియాలో 2018లో వచ్చినప్పుడు షోరూమ్ ధరే తొమ్మిదిన్నర కోట్లు, పొడవాటిది 11 కోట్ల పైన.

అంకెలు పక్కనపెట్టి నా పనికి ఏమైందో చెప్తాను. ముందు అద్దం వెనక రెండు కళ్ళ కెమెరా ఉంది. రోడ్డు మీద గుంత, ఎత్తు ముందే చూసి, టైరు అక్కడికి చేరేలోపు సస్పెన్షన్‌ని సిద్ధం చేస్తుంది. గేర్‌బాక్స్ ఉపగ్రహం నుంచి వచ్చే సమాచారంతో ముందు మలుపు ఉందో, రౌండబౌట్ ఉందో తెలుసుకుని దానికి తగ్గ గేరు ముందే పట్టుకుంటుంది. స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు కూడా పక్కకి తిరుగుతాయి కాబట్టి ఇరుకు చోట అదే సందు వెడల్పయినట్టు ఉంటుంది. ఇదివరకు ముందే చూడటం, ముందే అనుకోవడం, ముందే తగ్గడం, అదే నా ఉద్యోగం. ఇప్పుడు నేను చూసేలోపు కారు చూసేస్తోంది.

ఒక ముచ్చట మాత్రం చెప్పాలి. ఆ కెమెరా పని గంటకి 100 కిలోమీటర్ల దాకానే. షేక్ జాయెద్ రోడ్డెక్కి 120లో వెళ్తుంటే రోడ్డు చదివేది మళ్ళీ నేనే. అబూ ధాబీ వెళ్ళే దారిలో ఎక్కడ వంతెన జాయింటు కొడుతుందో నాకు కంఠస్థం. దాని మీదికి వచ్చేముందు లేన్ మారితే దెబ్బ తెలియదు. కంపెనీవాళ్ళ కెమెరాకి తెలియని సంగతి నాకు తెలుసని ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా కొంచెం గర్వంగా ఉంటుంది. ఉండనివ్వండి.

నిశ్శబ్దం సంగతికి వద్దాం, ఎందుకంటే వీడియోలవాళ్ళందరూ ఎనిమిదోదానికి మార్కులు వేసేది దానికే. అది మాటల గొప్ప కాదు. 130 కిలోలకు పైగా శబ్దాన్ని పీల్చే సరుకు కారు ఒంట్లో నింపారు. చుట్టూ 6 మిల్లీమీటర్ల రెండు పొరల అద్దాలు. టైర్ల లోపల కూడా నురుగు అతికించారు, సరైన టైరు కోసం 180 రకాలు పరీక్షించారు. 100 కిలోమీటర్ల వేగం దగ్గర పాతదానికన్నా పది శాతం తక్కువ చప్పుడని కంపెనీ లెక్క. లోపల కూర్చుంటే ఇంకా ఎక్కువ తేడా అనిపిస్తుంది.

ఆ నిశ్శబ్దంలో పనిచేసేవాడి పాట్లు వేరే. నా జేబులో ఫోన్ వైబ్రేషన్‌లో మోగితే వెనక సీట్లో వినపడుతుంది. మధ్యాహ్నం తినడం లేటయితే నా కడుపు చప్పుడు కూడా. ఏడోదాంట్లో ఇంజిన్ సన్నటి గుర్రు, టైర్ల చప్పుడు కొంచెం లోపలికి వచ్చేవి, ఆ చాటున వెనకవాళ్ళ మాటలు నాకు వినపడేవి కావు, నాకూ అదే హాయి. ఎనిమిదోదాంట్లో వెనక ఇద్దరు గుసగుసలాడినా నాకు తెలిసిపోతుంది. అందుకని వాళ్ళు మాట్లాడటం ఆపేస్తారు, లేదంటే మధ్యలో అడ్డు గాజు కావాలంటారు. ఇంకో సంగతి, వేగం చెవికి తెలియదు. పాతదాంట్లో 100 దాటితే చెవి చెప్పేది. కొత్తదాంట్లో ముందు అద్దం మీద కనపడే అంకెను మాటిమాటికీ చూసుకోవాలి, ఇక్కడ రాడార్ ఫైన్లు అందరికీ తెలిసినవే.

ఇది డ్రైవరు గొణుగుడు అని కొట్టెయ్యకండి. 2020లో కొత్త ఘోస్ట్ తెచ్చినప్పుడు రోల్స్ రాయిస్ వాళ్ళే ఒక మాట చెప్పారు. నిశ్శబ్దం మరీ ఎక్కువైతే మనిషికి తికమకగా ఉంటోందని గమనించి, లోపలి భాగాలన్నీ ఒకే సన్నటి స్వరంలో కలిసేలా సర్ది, కావాలనే కొంచెం ధ్వని ఉంచారట. ఏడో ఫాంటమ్‌లో ఆ కొంచెం ధ్వని ఎవరూ సర్దకుండానే ఉంది.

లోపల ఇంకో మార్పు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఎనిమిదోదాంట్లో డ్యాష్‌బోర్డు పొడవునా గాజు పలక పెట్టారు. దాని వెనక కొన్నవాళ్ళు తమకు నచ్చిన కళాఖండం పెట్టించుకోవచ్చు. దానికి గ్యాలరీ అని పేరు. వెనక సీట్లో పడుకున్నట్టు కూర్చునే మనిషికి అది సరిగ్గా కనపడదు. రోజంతా దాని ముందు కూర్చునేది నేను. అన్ని పనులూ నా చేతిలోంచి తీసుకుని ఆర్ట్ గ్యాలరీ నాకిచ్చారు. ఏడోదాంట్లో ఆ చోట ముళ్ళ గడియారం ఉండేది. కావాలంటే ఆ పలక తిరిగి స్క్రీన్ బయటికి వచ్చేది, అక్కర్లేకపోతే మళ్ళీ గడియారమే. ఆ స్క్రీన్‌లో బొమ్మలు ఇప్పుడు చూస్తే పాతకాలపు వీడియో గేమ్‌లా ఉంటాయి, నిజమే. దాచేసుకుంటే ఎవరికి కనపడింది? మీటర్లు ముళ్ళవి కాబట్టి అవి పాతబడలేదు. ఎనిమిదోదాంట్లో మీటర్లు కూడా స్క్రీనే. ఇంకో పదేళ్ళకి అది ఎలా కనపడుతుందో మన పాత ఫోన్లు డ్రాయర్‌లోంచి తీసి చూస్తే తెలుస్తుంది.

నాలాగే ఇంకో ఇంట్లో పనిచేసే తమ్ముడు ఒకడున్నాడు, నిజామాబాద్ వాడు. ఈ మాటలన్నీ విని "అన్నా, నీ కాలికి విలువ తగ్గిందని నీ బాధ. వెనకాయనకి అదంతా ఎందుకు? కెమెరా నిద్రపోదు, రాత్రి ఫోన్లో పెళ్ళాంతో కొట్లాడి పొద్దున విసుగ్గా నడపదు" అన్నాడు. వాడి మాటలో బలం ఉంది. చేతకాని డ్రైవరు దొరికితే ఎనిమిదోది ఆ తప్పుల్ని చాలావరకు కప్పేస్తుంది. డ్రైవర్లు ఏడాదికొకసారి మారే ఇంటికి అదే సరైన కారు.

అయినా ఈ కంపెనీ ఏమని అమ్ముతోందో చూడండి. కారు పక్కన ఆ పొడవాటి సన్న గీత యంత్రంతో కాదు, ఉడుత వెంట్రుకల కుంచెతో మనిషి చేత్తో గీస్తాడని గొప్పగా చెప్పుకుంటారు. చెక్క పలకల్లో చార కుడి ఎడమలకి అద్దంలో చూసినట్టు కలవాలని మనిషే కూర్చుని ఏరతాడంటారు. 2006లో హాంకాంగ్ పెనిన్సులా హోటల్ ఒకేసారి 14 పొడవాటి ఫాంటమ్‌లు తెప్పించుకుంది. ఆ హోటల్ అతిథికి కారుతోపాటు దాన్ని నడిపే యూనిఫాం మనిషినీ చూపించింది. డ్రైవర్లకి 'వైట్ గ్లవ్' పేరుతో కంపెనీయే శిక్షణ ఇస్తుంది కూడా. మనిషి చేతి గీతకి అంత ధర పలికే కారులో మనిషి కాలి పనిని మాత్రం లోపంగా చూసి సరిచెయ్యడం ఏమిటి? గీత కొంచెం వణికితే అది చేతిపని అందం, బ్రేకు కొంచెం వణికితే అది కంప్యూటర్ దిద్దాల్సిన తప్పు. ఈ లెక్క నాకు ఎక్కదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు, డ్రైవరుకి ఇచ్చే చోటు ఎప్పుడూ యజమాని ఇష్టమే. సెలవుకి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళాను. అక్కడ పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ ఉంది, అది రోల్స్ రాయిస్ వాళ్ళ పాతకాలపు మోడల్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించుకున్న కారు, కానీ 1911లో ఆయన పోయారు, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి దక్కింది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా కట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళందరూ అటే ఫోటోలు తీసుకుంటున్నారు. నేను డ్రైవరు సీటు వైపు వెళ్ళి ఆ లీవర్లు చూశాను. ఆ కారును కుదుపు లేకుండా ఊరేగించాలంటే ఆ సీట్లో కూర్చున్నవాడికి ఎంత విద్య ఉండాలో!

మా ఇంట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తే నా వాదన ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. చిన్న అర్బాబ్ శుక్రవారం సాయంత్రాలు ఎనిమిదోదాన్ని తనే తీసుకెళ్తాడు. ఎందుకంటే నడపడం తేలిక, వెనక చక్రాలు తిరుగుతాయి, గుంతలు అదే చూసుకుంటుంది. పెద్దాయన మాత్రం ఎక్కడికి వెళ్ళినా పాతదే తియ్యమంటారు. ఆయన కారణం నా కారణం ఒకటి కాదు. పాతదాంట్లో సీటు ఎత్తుగా ఉండి మోకాళ్ళకి సుఖమట, కిటికీలోంచి బయట మనుషులు కనపడతారట. కారణం ఏదైనా ఆయన వెనక కూర్చున్నప్పుడు నా పని నాకు ఉంటుంది.

ఇది చదివి మా ఊరి పిల్లలు వాట్సాప్‌లో అడిగే ప్రశ్న నాకు తెలుసు, ఇప్పటికే అడిగారు: "మామా, దుబాయ్‌లో పాత ఫాంటమ్ చవగ్గా దొరుకుతుందట, తెచ్చుకోవచ్చా?" దొరుకుతుంది, ఇలాంటి కార్ల ధర పడిపోయినంత వేగంగా ఇంకేదీ పడిపోదు. తెచ్చుకోలేవు. మన దేశంలోకి వాడిన కారు దిగుమతి చెయ్యాలంటే అది మూడేళ్ళకన్నా పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇక్కడివన్నీ ఎడమవైపువి. ఆ రెండూ దాటినా సుంకమే వంద శాతం పైన. ఇండియాలోనే ఎవరిదో సెకండ్ హ్యాండ్ దొరికితే కొనుక్కో, కానీ ముందు ఎయిర్ స్ప్రింగులు చూపించుకో. రాత్రి నిలబెట్టి పొద్దున చూస్తే ఒక మూల కిందికి దిగి ఉందంటే బేరం అక్కడే ఆపు. తర్వాత టైరు పక్కన రాసింది చదువు. ఏడోదాని తొలి కార్లకి మిషెలిన్ ప్యాక్స్ టైర్లు వేసేవారు. పంక్చరైనా లోపలి రింగు మీద కొంత దూరం నడుస్తాయి, కానీ ఆ రిమ్ము 540 మిల్లీమీటర్లది, మామూలు 21 అంగుళాల టైరు దానికి పట్టదు, ఎక్కించడానికి మిషన్ కూడా వేరే కావాలి. 265, 790, ఆర్ 540 అని కనపడితే నాలుగు కొత్త రిమ్ములు, నాలుగు కొత్త టైర్ల ఖర్చు అప్పుడే ధరలో తగ్గించమని అడుగు.